కొండ మీది ఆరామం, వాన నీటి లెక్క

కొండ మీద బౌద్ధ ఆరామం నిలవాలంటే రెండు కావాలి. భిక్ష పెట్టే ఊళ్లు నడక దూరంలో ఉండాలి. వానలు వెళ్లిపోయాక కూడా తాగడానికి నీళ్లుండాలి. ఈ రెండూ కుదిరిన కొండలు ఉత్తరాంధ్ర తీరంలో కొన్ని ఉన్నాయి. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో తొట్లకొండ, బావికొండ, భీమిలి పక్కన పావురాళ్లకొండ, అటు అనకాపల్లి దగ్గర శంకరం ఊరి బొజ్జన్నకొండ. పిల్లలూ పెద్దలూ కలిసి పొద్దున్నే బయల్దేరి సాయంత్రానికి ఇల్లు చేరగలిగిన చోట్లే ఇవన్నీ.

ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్, ఘజియాబాద్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ప్రయాణం సంక్రాంతికో దసరాకో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖ వచ్చినప్పుడే కుదురుతుంది. కానీ దానికి తగిన తయారీ ఢిల్లీలోనే, ఒక ఆదివారం నాడు మొదలుపెట్టుకోవచ్చు. దక్షిణ ఢిల్లీలో కాల్కాజీ గుడికి కొద్ది దూరంలో, శ్రీనివాసపురి, ఈస్ట్ ఆఫ్ కైలాష్ కాలనీల దగ్గర, ఆరావళి శ్రేణికి చెందిన రాతిగుట్ట ఒకటుంది. 1966లో అక్కడ ఇళ్ల కోసం నేల చదును చేయిస్తుండగా ఏటవాలు బండ మీద చెక్కిన అక్షరాలు బయటపడ్డాయి. అది అశోకుడి చిన్న శిలాశాసనమని పండితులు తేల్చారు. అక్కడి పాత ఊరి పేరు మీద దాన్ని బహాపూర్ శాసనమంటారు. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మీ, పంక్తులు పది. ఎండావానలకు అక్షరాలు బాగా అరిగిపోయాయి. పైన కప్పు, చుట్టూ కటకటాలు కట్టి కాపాడుతున్నారు.

ఆ శాసనంలో అశోకుడు తన సంగతే చెప్పుకున్నాడు. ఉపాసకుడినై రెండున్నరేళ్లు దాటినా మొదట్లో పెద్దగా పట్టుదల చూపలేదనీ, సంఘానికి చేరువయ్యాక ఏడాదికి పైగా గట్టిగా కృషి చేశాననీ, గొప్పవాళ్లే కాదు చిన్నవాళ్లు కూడా ప్రయత్నిస్తే ఈ ఫలం అందుకోగలరనీ దాని సారాంశం. దాదాపు ఇదే సందేశం కర్నూలు జిల్లా పత్తికొండ ప్రాంతంలోని ఎర్రగుడి, రాజులమందగిరి బండల మీద కూడా ఉంది. ఢిల్లీ బండకూ ఆ బండలకూ మధ్య దూరం 1500 కిలోమీటర్లకు దగ్గర. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో ఒకే మాట ఇంత దూరం ప్రయాణించిందంటే దారులు నడుస్తున్నాయనీ, ఆ దారుల వెంట భిక్షువులకూ వర్తకులకూ రాకపోకలున్నాయనీ అర్థం. కొండల మీది ఆరామాలు ఆ దారుల పక్కన పుట్టినవే.

కాల్కాజీ మందిర్ స్టేషన్‌లో మెట్రో వయొలెట్ లైన్ ఎక్కితే ఢిల్లీ గేట్ స్టేషన్ దగ్గర ఫిరోజ్ షా కోట్లా చేరవచ్చు. హరియాణాలోని తోప్రా నుంచి ఫిరోజ్ షా తుగ్లక్ 14వ శతాబ్దంలో తెప్పించిన అశోక స్తంభం అక్కడి కట్టడం మీద ఇప్పటికీ నిలబడి ఉంది. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదవగలగడంలో ఈ స్తంభం మీది రాతలకు ముఖ్య పాత్ర ఉంది. మేరఠ్ నుంచి తెచ్చిన రెండో స్తంభం ఉత్తర ఢిల్లీ రిడ్జ్ మీద, హిందూ రావు ఆసుపత్రికి సమీపంలో ఉంటుంది. 18వ శతాబ్దం మొదట్లో జరిగిన పేలుడులో అది ముక్కలైతే 1867లో మళ్లీ అతికి నిలబెట్టారు. జాతీయ మ్యూజియంలో పిప్రహ్వా స్తూపం ధాతువులు, నాగార్జునకొండ శిల్పాలు ఉన్నాయి. స్తూపం గర్భంలో ఏం పెడతారో, దాని గోడల మీద ఏం చెక్కుతారో వీటిని చూసిన పిల్లలకు తెలుస్తుంది. ఆ తరవాత కొండ మీద ఇటుకల వలయం ఒక్కటే కనిపించినా, దాని పైనా లోపలా ఏముండేదో ఊహించుకోగలుగుతారు.

తొట్లకొండ విశాఖ నుంచి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో, మంగమారిపేట పక్కన సముద్రాన్ని చూస్తూ ఉంటుంది. ఎత్తు సముద్ర మట్టానికి 128 మీటర్లు. పైదాకా వాహనాలు వెళ్లే దారి ఉంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లనూ తీసుకెళ్లవచ్చు. భీమిలి వెళ్లే సిటీ బస్సులో వస్తే కింద దిగి కొండ ఎక్కాలి. ఎక్కగలిగినవాళ్లు నడవడమే మంచిది. సముద్రం ఎంత దగ్గరో, కింద ఊళ్లు ఎంత దూరమో, రోజూ భిక్షకు దిగి మళ్లీ ఎక్కాలంటే ఎంత శ్రమో కాళ్లకే తెలుస్తుంది.

ఈ ఆరామం చాలా శతాబ్దాలు మరుగున పడి ఉంది. నౌకాదళ స్థావరం కోసం విమానంలో సర్వే చేసినప్పుడు కొండ మీద కట్టడాల ఆనవాళ్లు కనిపించాయి. ఆంధ్రప్రదేశ్ పురావస్తు శాఖ 1988 నుంచి 1993 వరకు తవ్వకాలు జరిపింది. మహాస్తూపం, చైత్యగృహాలు, స్తంభాల మండపం, భిక్షువుల గదుల వరసలు, వంటశాల, భోజనశాల, వాటిని కలుపుతూ రాళ్లు పరిచిన బాటలు బయటపడ్డాయి. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దం నుంచి క్రీస్తు శకం 3వ శతాబ్దం దాకా ఇక్కడ సంఘం నివసించిందని నిర్ణయించారు.

కొండ మీదికి చేరగానే చాలామంది నేరుగా స్తూపం దగ్గరికి నడుస్తారు. ముందు నీళ్ల తొట్లు చూడటం మేలు. కొండకు ఆ పేరు వచ్చింది వాటి వల్లే, ఆరామం బతికింది కూడా వాటితోనే. ఇక్కడి కొండలు తూర్పు కనుమల ఖోండలైట్ రాయి. ఈ ఎత్తున నది లేదు, చెరువు లేదు. అందుకని పరుపు బండలోనే లోతుగా తొట్లు తొలిచి, బండ మీద పడిన వాన జారి వాటిలోకి చేరేలా చేశారు.

పిల్లల చేత ఇక్కడ చిన్న లెక్క చేయించవచ్చు. విశాఖ తీరంలో ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అంటే పడిన నీరు పడినచోటే నిలిస్తే మీటరు లోతు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న బండ మీద ఏడాదిలో కురిసేది లక్ష లీటర్లు. మనిషికి తాగడానికి, వంటకు, ముఖం కడుక్కోవడానికి రోజుకు పది లీటర్లు అనుకుంటే వంద మందికి రోజుకు వెయ్యి లీటర్లు కావాలి. ఆ లక్ష లీటర్లలో చుక్క పోకుండా పట్టినా వంద రోజులకు సరిపోతుంది. ఎండకు ఆవిరయ్యేది, ఇంకిపోయేది తీసేస్తే ఇంకా తక్కువ. నైరుతి వానలు జూన్‌లో మొదలైతే, అక్టోబరు, నవంబరు తుపానులతో వానాకాలం దాదాపు ముగిసిపోతుంది. ఆ తరవాత ఆరు నెలలకు పైగా ఈ నిలవ మీదే గడవాలి. ఇన్ని తొట్లు ఎందుకు తొలిచారో, అంత గట్టి రాతిలో ఉలి పట్టే ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందో లెక్క పూర్తయ్యేసరికి అర్థమవుతుంది.

వాన ఈ సంఘానికి మరో విధంగానూ ముఖ్యం. బుద్ధుడి కాలం నుంచి భిక్షువులు ఏడాదిలో ఎక్కువ భాగం ఊరూరా తిరిగేవారు. వానాకాలంలో మాత్రం మూడు నెలలు ఒకేచోట ఉండాలన్నది నియమం. తడి నేల మీద మొలిచే పైరును, పురుగు పుట్రను తొక్కకూడదన్నది దానికి చెప్పే కారణాల్లో ఒకటి. ఈ వర్షావాసం కోసం ఏర్పడిన తావులే క్రమంగా శాశ్వత ఆరామాలయ్యాయి. భిక్షువు దగ్గర ఉండదగిన వస్తువులు ఎనిమిది. మూడు చీవరాలు, భిక్షాపాత్ర, క్షురకత్తి, సూది, నడికట్టు, నీళ్లు వడకట్టుకునే గుడ్డ. ప్రాణం ఉన్న పురుగు కడుపులోకి పోకూడదని ఆ వడపోత గుడ్డ. తొట్టి పక్కన నిలబడి ఈ నియమం వింటే ఎనిమిది వస్తువుల్లో ఒకటి నీళ్ల కోసమే ఎందుకుందో వేరే చెప్పనక్కర్లేదు.

తొట్ల తరవాత గదులు. విహారాల్లో మొత్తం 70కి పైగా గదులు లెక్కకు వచ్చాయి. ఇప్పుడు మిగిలినవి పునాదులు, మోకాలెత్తు గోడలు మాత్రమే. ఒక్కో గది మనిషి పడుకోవడానికి, కూర్చుని ధ్యానం చేసుకోవడానికి సరిపోయేంత. ఈనాటి అపార్టుమెంటులో పిల్లల గదితో దాన్ని పోల్చి కొలుచుకుంటే, ఎంత తక్కువ చోటుతో ఈ జీవితం నడిచిందో పిల్లలకే తోస్తుంది. అమావాస్యకు, పున్నమికి భిక్షువులంతా ఒకచోట చేరి నియమాలు వల్లించుకుని, తప్పులు జరిగితే ఒప్పుకునేవారు. స్తంభాల మండపం ఇలాంటి సమావేశాలకు తగినట్టుగా ఉంటుంది.

వంటశాల, భోజనశాల దగ్గర కాసేపు ఆగాలి. ఈ ఆరామంలో అసలైన ప్రశ్న లేచేది అక్కడే. భిక్ష ఎత్తుకుని మధ్యాహ్నం లోపు తినాలన్నది భిక్షువు నియమం. అలాంటప్పుడు ఇంత పెద్ద వంట ఏర్పాటు ఎందుకు? అమెరికా పురావస్తు శాస్త్రవేత్త లార్స్ ఫోగెలిన్ ఈ కొండలను, చుట్టుపక్కల గుట్టలను కాలినడకన సర్వే చేసి 2006లో పుస్తకం వెలువరించాడు. కింది ఊళ్లకు, సంఘానికి సంబంధం ఎలాంటిదన్నది ఆయన పట్టుకున్న ప్రశ్న. చుట్టూ ఉన్న గుట్టల మీద రాళ్లు పేర్చిన సమాధి గుర్తులను ఆయన పెద్ద సంఖ్యలో నమోదు చేశాడు. స్తూపానికి దగ్గరగా చనిపోయినవారి గుర్తు నిలపాలని కోరుకున్నవాళ్లు ఉండేవారన్నమాట. వంటశాల, దొరికిన నాణేలు కలిపి చూస్తే రోజువారీ భిక్షతో పాటు దాతలు పంపే బియ్యం, దినుసులు కూడా కొండ ఎక్కేవని అనుకోవడం సబబుగానే ఉంటుంది.

ఆ దాతలెవరన్నదానికి జవాబు కొంత శాసనాల్లో, కొంత నాణేల్లో ఉంది. తొట్లకొండ మీద బ్రాహ్మీ లిపిలో చిన్న చిన్న శాసనాలు దొరికాయి. శాతవాహనుల సీసపు నాణేలు, వాటితో పాటు రోమన్ వెండి నాణేలు కూడా బయటపడ్డాయి. ధనమే ముట్టుకోరాదన్న భిక్షువుల ఇంట్లో రోము వెండి దొరకడం మొదట వింతగా తోస్తుంది. కింద సముద్రం కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి వింత కాసేపే. రుతుపవనాల గాలిని పట్టుకుని పడమటి వర్తకులు భారత తీరానికి వచ్చిన కాలం అది. తూర్పు తీరపు రేవులతో సరుకు నడిపిన వర్తకులు తీరంలో విడిది చేసినప్పుడు కొండ మీది సంఘానికి దానం ఇచ్చి ఉంటారు. ఓడ క్షేమంగా రావాలని మొక్కుకునే మనిషికి, తీరాన నిలిచి దూరం నుంచి కనిపించే స్తూపం ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో కొండ అంచున నిలబడితే తెలుస్తుంది.

ఇక స్తూపం. అర్ధగోళంలా ఉండే అండం, దాని కింద మేధి అనే వేదిక, పైన హర్మిక, ఛత్రం, చుట్టూ ప్రదక్షిణ పథం. ఏ స్తూపంలోనైనా ఉండే భాగాలివి. తొట్లకొండలో ప్రదక్షిణ చేయదగిన చైత్యగృహాలు కూడా ఉన్నాయి. ఒక కొసన గుండ్రంగా తిరిగే పొడవాటి గదులు కొన్ని, పూర్తిగా వలయాకారంలో ఉన్నది ఒకటి. విగ్రహం ఎక్కడని పిల్లలు తప్పక అడుగుతారు. ఈ ఆరామం వర్ధిల్లిన కాలంలో, ఈ సంప్రదాయంలో బుద్ధుణ్ణి మనిషి రూపంలో కాక గుర్తులతో చూపేవారు. స్తూపం, ధర్మచక్రం, పాదముద్రలు ఆ గుర్తులు. మంగళ చిహ్నాలు చెక్కిన బుద్ధపాదాలు ఇక్కడ దొరికాయి. విగ్రహం కోసం వెతికే కంటికి ఖాళీగా కనిపించే ఈ కొండ నిజానికి బుద్ధుడి గుర్తులతో నిండి ఉండేది.

ఇప్పుడు కనిపించే మహాస్తూపం పురావస్తు శాఖ పునరుద్ధరించినది. 2019 అక్టోబరు వానలకు దానిలో కొంత భాగం కూలిపోయి, తరవాత మరమ్మతు జరిగింది. ఇటుక, మట్టి కలిసిన కట్టడంలోకి నీరు దిగితే బరువు పెరిగి పక్క గోడ పగులుతుంది. వాన నీటిని అంత నేర్పుగా మళ్లించుకున్న కొండ మీద వాన వల్లే స్తూపం దెబ్బతినడం బాధ కలిగించే విషయం. పాత ఇటుకల మీద ఎక్కి ఫొటోలు దిగడం కూడా వాననీటి లాంటి హానే చేస్తుంది. కదిలిన ఇటుక కింద నుంచి తరవాతి వాన లోపలికి దారి చేసుకుంటుంది. పిల్లలకు ఈ కారణం చెబితే చాలు, గోడలు దిగి నడుస్తారు. కొండ చుట్టుపక్కల భూములను ఇతర అవసరాలకు కేటాయించే ప్రతిపాదనలు వచ్చినప్పుడు విశాఖ పౌరులు, వారసత్వ ప్రేమికులు అడ్డుచెప్పారు. కోర్టులకూ వెళ్లారు. కట్టడాలొక్కటే కాక తొట్లు, సమాధి గుట్టలు, నీరు జారే వాలులు అన్నీ కలిస్తేనే ఆరామం కాబట్టి వాళ్ల పట్టుదలకు చాలా విలువుంది.

తొట్లకొండ చూడటానికి రెండు మూడు గంటలు చాలు. అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. మిగతా నెలల్లో పొద్దున తొమ్మిదికే బండలు వేడెక్కుతాయి. నీడ తక్కువ కాబట్టి టోపీలు, మంచినీళ్లు, పులిహోరో పెరుగన్నమో వెంట ఉండాలి. కాగితం, ప్లాస్టిక్ తిరిగి కిందికి తెచ్చుకోవాలి. ఇదే పూటలో బావికొండ కూడా చూడవచ్చు. ఎత్తు దాదాపు అంతే, సుమారు 130 మీటర్లు. వాన నీటి కోసం కొండ మీద తవ్విన బావులే దీని పేరుకు మూలం. 1982 నుంచి 1987 వరకు జరిగిన తవ్వకాల్లో ఇక్కడి మహాచైత్యంలో ధాతు పాత్ర దొరికింది. దానిలోని ఎముక ముక్క బుద్ధుడిదేనని భక్తుల నమ్మకం. పిప్రహ్వా ధాతువులను ఢిల్లీలో చూసి వచ్చిన కుటుంబానికి ఈ చైత్యం ముందు నిలబడటంలో అర్థం ఎక్కువ ఉంటుంది.

మధ్యాహ్నం ఎండ తగ్గాక కిందికి దిగితే మంగమారిపేట తీరంలో అలలు తొలిచిన సహజ రాతి తోరణం, ఇంకా ముందుకెళ్తే ఎర్రమట్టి దిబ్బలు ఉన్నాయి. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ల సమాధులు చూడదగ్గవి. రోమన్ నాణేల తరవాత పదిహేను వందల ఏళ్లకు కూడా ఇదే తీరానికి సరుకు కోసం ఓడలు వచ్చాయనడానికి ఆ సమాధులు సాక్ష్యం. ఊరి పక్క పావురాళ్లకొండ మీద కూడా రాతిలో తొలిచిన నీటి తొట్లున్నాయి. ఇప్పుడు అక్కడికి జనం ఎక్కువగా వచ్చేది నరసింహస్వామి గుడి కోసం.

బొజ్జన్నకొండకు మరో రోజు పెట్టుకోవాలి. విశాఖకు పడమర దిక్కున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, అనకాపల్లి పక్కనే ఉంది. 1906లో అలెగ్జాండర్ రీ ఇక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. తొట్లకొండ మౌనం దాల్చిన తరవాత ఊపందుకున్న ఆరామం ఇది. 4వ శతాబ్దం నుంచి 9వ శతాబ్దం దాకా థేరవాదం, మహాయానం, వజ్రయానం మూడూ వరసగా ఇక్కడ నడిచాయి. అందువల్ల తొట్లకొండలో కనిపించనిది ఇక్కడ కనిపిస్తుంది. గుహల్లో, గోడల్లో బుద్ధుడి మూర్తులు చెక్కి ఉంటాయి. కొండరాతినే చెక్కి స్తూపాలుగా మలిచారు. పక్కనే ఉన్న లింగాలకొండ మీద అలాంటి ఏకశిలా స్తూపాలు వరసలు వరసలుగా మెట్టు మీద మెట్టుగా ఉంటాయి. తవ్వకాల్లో సముద్రగుప్తుడి బంగారు నాణెం కూడా దొరికింది. మెట్లు చాలా ఉన్నాయి కాబట్టి పెద్దవాళ్లు కింది గుహల దగ్గర ఆగి, పిల్లలను పైకి పంపవచ్చు.

ఈ కొండకు ఊళ్లవాళ్లు ఎప్పటి నుంచో కనుమ నాడు వస్తారు. ఇక్కడున్నదేమిటో మరిచిపోయిన కాలంలో, బొజ్జలాంటి రాతి ఆకారాన్ని రాక్షసుడిదనుకుని ఆ రోజున రాళ్లు విసిరే ఆచారం ఉండేది. వారసత్వ సంస్థ ఇన్‌టాక్ జోక్యంతో ఆ ఆచారం ఆగింది. కనుమ తిరనాళ్లు మాత్రం ఆగలేదు.